బయట అమ్మే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటే అసలేంటి?

ఇంజన్‌కి గాలి వెళ్లే దారిని మార్చే కిట్. కారుతో వచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బానీ, అక్కణ్ణుంచి థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాకా వెళ్లే పైపునీ తీసేసి, వాటి చోట నున్నటి లావు పైపు, కోన్ ఆకారం ఫిల్టర్ పెడతారు. ఫిల్టర్ ఇంజన్ వేడికి దూరంగా, బంపర్ వెనకో, ముందు చక్రం పైన ఉండే ఖాళీలోనో కూర్చుంటుంది.

వేడెక్కిన గాలి పలచబడుతుంది. 60 డిగ్రీల గాలితో పోలిస్తే 30 డిగ్రీల గాలి అదే జాగాలో దాదాపు 10 శాతం ఎక్కువ పడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువ కాలుతుంది (బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి), పవర్ పెరుగుతుంది. చల్లగాలి వల్ల నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) కూడా తగ్గుతుంది కాబట్టి, గాలి వేడెక్కినప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వెనక్కి లాగే స్పార్క్ టైమింగ్ వెనక్కి పోకుండా నిలుస్తుంది.

అలాగని 10 శాతం చిక్కటి గాలికి 10 శాతం పవర్ రాదు. సిలిండర్‌లోకి వెళ్లేలోపే మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల గుత్తి), పోర్టులు, వాల్వులు ఆ గాలిని మళ్లీ వేడి చేస్తాయి. డైనో (పవర్ కొలిచే యంత్రం) ఫలితాలను సరిచూసే ఎస్‌ఏఈ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం) సూత్రంలో కూడా ఉష్ణోగ్రతల నిష్పత్తికి వర్గమూలమే తీసుకుంటారు. అంటే లాభం సుమారు సగానికి పడిపోతుంది. అదైనా, మీ స్టాక్ (కారుతో వచ్చిన) ఇన్‌టేక్ నిజంగా 60 డిగ్రీల గాలి పీలుస్తుంటేనే.

నా కారులో ఉన్నది కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కాదా?

చాలామటుకు అదే. బానెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకు వెళ్లే ప్లాస్టిక్ గొట్టం ఎక్కడ తేలుతుందో వేలితో తడుముకుంటూ వెళ్లండి. ఈ కాలపు కార్లలో ఎక్కువ భాగం రేడియేటర్ పైన, గ్రిల్ వెనక, లేదా ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) లోపల తేలుతుంది. అంటే కంపెనీ వాళ్లు ఇచ్చింది కూడా బయటి చల్లగాలి పీల్చే ఇన్‌టేకే, చూడ్డానికి అందంగా లేదంతే.

కార్బురేటర్ల రోజుల్లో కొన్ని కార్లలో దీనికి తలకిందులు ఏర్పాటు ఉండేది. చలిలో కార్బురేటర్ మంచు కట్టకుండా, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ చుట్టూ ఉన్న వేడి గాలిని ఒక చిన్న తలుపు ద్వారా కావాలనే లోపలికి లాగేవి. స్టాక్ ఇన్‌టేక్ అంటే వేడి గాలి పీల్చేదే అన్న పేరు అప్పటిదేమో అని నా అనుమానం.

స్టాక్ ఇన్‌టేక్ నా ఇంజన్‌కి అడ్డు పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. కిట్ కొనే ముందు ఒక ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న పరికరం) తెచ్చుకుని, ఫోన్‌కి కలిపి, రెండు కొలతలు తీయండి.

మొదటిది ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత. ఇంజన్ బాగా వేడెక్కాక, ఒకే వేగంతో పది నిమిషాలు నడిపి, ఆ అంకెని బయటి ఉష్ణోగ్రతతో పోల్చండి. తేడా ఐదారు డిగ్రీలే అయితే మీ కారు ఇప్పటికే చల్లగాలి పీలుస్తోంది, ఏ కిట్టూ దాన్ని అంతకన్నా పెద్దగా చల్లబరచలేదు. ఇరవై డిగ్రీల తేడా ఉంటే ఆలోచించాల్సిందే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఈ అంకె ఎగబాకడం ఏ కారులోనైనా మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సెన్సర్ మ్యానిఫోల్డ్ మీద ఉన్న కార్లలో లోహపు వేడి కూడా కలిసి అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంది.

రెండోది మ్యానిఫోల్డ్ ప్రెషర్. ఇది టర్బో లేని ఇంజన్లకే. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో పీడనం కొలిచేది) బయటి వాతావరణ పీడనాన్నే చూపిస్తుంది. ఉదాహరణకి 100 కిలోపాస్కల్ అనుకుందాం. తర్వాత ఖాళీగా, సురక్షితంగా ఉన్న చోట రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆర్‌పీఎం పై అంచుకి చేరినప్పుడు ఎంత చూపిస్తోందో రికార్డు చేయండి. 98 వచ్చిందంటే గాలి దారిలో మొత్తం నష్టం 2 శాతమే. అందులో థ్రాటిల్ బాడీ వాటా కూడా ఉంది. పైపూ ఫిల్టరూ పీకి అవతల పారేసినా మీకు దక్కేది ఆ రెండు శాతం లోపే. 93 వచ్చిందంటే మాత్రం కిట్ కొనడానికి మంచి కారణం దొరికినట్టు. ముందు ఫిల్టర్ మురికిగా ఉందేమో చూసుకుని, కొత్తది వేసి మళ్లీ కొలవండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు!

స్కానర్ ఈ పీడనాన్ని ఒక్కో కిలోపాస్కల్ మెట్టుగానే చూపిస్తుంది, కాబట్టి రెండు మూడు సార్లు చేసి చూడటం మంచిది. మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచేది) మాత్రమే ఉండి మ్యాప్ సెన్సర్ లేని కార్లలో ఈ రెండో పరీక్ష కుదరదు.

షార్ట్ రామ్, కోల్డ్ ఎయిర్, సీల్డ్ బాక్స్... వీటిలో తేడా ఏంటి?

షార్ట్ రామ్ అంటే పొట్టి పైపు, దాని చివర బానెట్ కిందే కూర్చునే కోన్ ఫిల్టర్. బిగించడం తేలిక, మోత బాగుంటుంది, కానీ పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడి గాలి. కొన్నిటికి పక్కన ఒక రేకు అడ్డం పెడతారు. ఆ రేకు బానెట్‌కి రబ్బరు అంచుతో ఆనకపోతే అది అలంకారమే. ట్రాఫిక్‌లో షార్ట్ రామ్ పెట్టిన కారు స్టాక్ కన్నా నీరసంగా నడిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలైన కోల్డ్ ఎయిర్ కిట్‌లో పైపు పొడవుగా ఉంటుంది, ఫిల్టర్ కింద, బయటి గాలిలో ఉంటుంది. గాలి చల్లనే, కానీ నీటి భయం ఉంది. దాని సంగతి కింద ఉంది.

సీల్డ్ బాక్స్ అంటే మూత ఉన్న పెద్ద డబ్బాలో ఫిల్టర్, ఆ డబ్బాకి స్టాక్ చోటు నుంచే గాలి తెచ్చే గొట్టం. నన్నడిగితే రోజూ నడిపే కారుకి ఇదే సరైనది. వేడి గాలి చొరబడదు, ఫిల్టర్ ఎత్తులోనే ఉంటుంది, మోత మరీ శ్రుతి మించదు. ధర మాత్రం మిగతా రెండిటికన్నా ఎక్కువే ఉంటుంది.

స్టాక్ డబ్బాలోనే పెట్టుకునే ఉతికే ఫిల్టర్ కూడా దొరుకుతుంది. దీనివల్ల పవర్ మారిందని పందెం కట్టకండి గానీ, హాని కూడా తక్కువే.

మొత్తం మీద పవర్ ఎంత పెరుగుతుంది?

టర్బో లేని మామూలు ఇంజన్‌లో, మంచి కిట్ అయితే, ఆర్‌పీఎం పై అంచు దగ్గర ఏవో కొన్ని హార్స్‌పవర్. ఊళ్లో నడిపే 2000, 2500 ఆర్‌పీఎం దగ్గర దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే అక్కడ ఇంజన్‌కి కావలసిన గాలే తక్కువ. 2 లీటర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో సెకనుకి 100 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. 2000 దగ్గర యాక్సిలరేటర్ సగం తొక్కినప్పుడు అందులో మూడో వంతు కూడా ఉండదు. ఇరుకు తెలిసేది ఆ పైనే. కొన్ని కార్లలో పైపు పొడవు మారడం వల్ల మధ్య ఆర్‌పీఎం దగ్గర టార్క్ కాస్త తగ్గడం కూడా ఉంటుంది.

కిట్ డబ్బా మీద డైనో గ్రాఫ్ ఉంది కదా, నమ్మొచ్చా?

గ్రాఫ్ అబద్ధం కాకపోవచ్చు, కానీ ఏ పరిస్థితిలో తీశారన్నదే అసలు విషయం. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి కొలిస్తే షార్ట్ రామ్ కూడా చల్లగాలి పీలుస్తుంది. రోడ్డు మీద బానెట్ తెరిచి ఎవరూ నడపరు. "ఇంత వరకు పెరుగుతుంది" అనే అంకె తరచూ ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర కనిపించిన పెద్ద తేడా, గరిష్ఠ పవర్‌లో తేడా కాదు. స్టాక్‌తో ఎన్నిసార్లు కొలిచారు, కిట్‌తో ఎన్నిసార్లు కొలిచారు, రెండుసార్లూ ఇంజన్ ఒకే వేడి మీద ఉందా, ఒకే కరెక్షన్ (పైన చెప్పిన ఎస్‌ఏఈ లాంటి సూత్రం) వాడారా అని చూడండి. ఇవేవీ చెప్పకుండా రెండు గీతలు మాత్రమే గీసి ఉంటే, పేజీ తిప్పేయండి.

మైలేజ్ పెరుగుతుందా?

పెట్రోలు కారులో పెరగదు. మామూలుగా నడిపేటప్పుడు గాలికి అడ్డం పడేది ఫిల్టర్ కాదు, థ్రాటిల్. దాన్ని కావాలనే సగం మూసి నడుపుతాం. ముందున్న పైపుని ఎంత వెడల్పు చేసినా, అదే వేగానికి అంతే గాలి కావాలి, అంతే పెట్రోలు కావాలి. పైగా ఆ మోత విన్నాక కాలు ఊరుకోదు కాబట్టి, మొదటి నెల మైలేజ్ తగ్గడమే చూస్తాం.

మాఫ్ సెన్సర్ గురించి అంతా అంత టెన్షన్ పడతారెందుకు?

పడాల్సిందే. కిట్లు ముంచేది ఎక్కువగా ఇక్కడే.

మాఫ్ సెన్సర్ పైపు మధ్యలో ఉన్న సన్నటి వేడి తీగ లాంటిది. పక్కనుంచి గాలి ఎంత వేగంగా పోతే అంత చల్లబడుతుంది. దాన్నిబట్టి ఈసీయూ గాలి మొత్తం లెక్కగడుతుంది. ఆ లెక్క స్టాక్ పైపు లోపలి వ్యాసాన్ని నమ్ముకుని ఉంటుంది. పైపు మారిస్తే లెక్క తప్పుతుంది.

70 మిల్లీమీటర్ల పైపు బదులు 76 పెట్టామనుకోండి. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అడ్డకోత వైశాల్యం 18 శాతం పెరుగుతుంది, అంత గాలే అక్కడ దాదాపు 15 శాతం నెమ్మదిగా పోతుంది. ఈసీయూ గాలి తగ్గిందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ తప్పు పట్టుకుని ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుకి ఈసీయూ చేసే సవరణ) ద్వారా సరిచేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆ దిద్దుబాటు అలా నడవదు, ఈసీయూ ముందే రాసుకున్న పట్టికని, అంతకుముందు నేర్చుకున్న ట్రిమ్‌ని నమ్ముకుంటుంది. పెట్రోలు తక్కువైన మిశ్రమం అక్కడ నాకింగ్ తెస్తుంది, పిస్టన్లకి వేడి పెంచుతుంది. కొన్ని కిట్లు చూపించే పవర్ నిజానికి గాలి వల్ల కాదు, కంపెనీ వాళ్లు భద్రత కోసం కాస్త ఎక్కువ పెట్రోలుతో ఉంచిన మిశ్రమాన్ని ఇలా పలచన చేయడం వల్ల వస్తుంది. ట్యూనింగ్ (ఈసీయూ పట్టికల్ని కిట్‌కి తగ్గట్టు మార్చడం) లేకుండా అలా తెచ్చుకున్న పవర్ నాకు వద్దు.

అందుకని మాఫ్ ఉన్న కారుకి కిట్ చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: సెన్సర్ కూర్చునే చోట లోపలి వ్యాసం స్టాక్‌తో సమానమా? రెండోది: సెన్సర్ ముందు తిన్నటి పైపు ఉందా, లేక వంపు అవగానే సెన్సర్ వస్తుందా? వంపులో సుడులు తిరిగే గాలికి రీడింగ్ నిలకడగా ఉండదు. స్టాక్ డబ్బాలో సెన్సర్ ముందు తేనెపట్టు లాంటి జాలీ ఉంటే అది గాలిని సరళం చేయడానికే. కిట్‌లో అది లేకపోతే ఎందుకు లేదో అమ్మేవాళ్లు చెప్పగలగాలి.

మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సర్‌తో మాత్రమే నడిచే కార్లకి ఈ గొడవ చాలావరకు లేదు.

ఏ ఫిల్టర్ మంచిది: నూనె రాసిన కాటనా, డ్రై సింథటిక్కా, కాగితమా?

కాగితం ఫిల్టర్ని చులకనగా చూడకండి. దుమ్ము పట్టడంలో అది గట్టిది, వాడేకొద్దీ పేరుకున్న దుమ్ము పొరే ఇంకా సన్నటి రేణువుల్ని ఆపుతుంది. నూనె రాసిన కాటన్ గాలిని కాస్త సులువుగా వదులుతుంది. కానీ ఉతికాక నూనె ఎక్కువ రాస్తే అది మాఫ్ తీగ మీదికి చేరే ప్రమాదం ఉంది, తక్కువ రాస్తే దుమ్ము లోపలికి పోతుంది. చేతికి ఆ కొలత పట్టుబడాలి. డ్రై సింథటిక్‌కి నూనె తలనొప్పి లేదు, ఉతికి ఆరబెట్టుకోవడమే. దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు అటువైపే చూడటం మేలు.

ఏదైనా సరే, ఐఎస్‌ఓ 5011 పద్ధతిలో పరీక్షించిన ఫలితాలు ఇచ్చారా అని చూడండి. ఎంత దుమ్ము ఆపుతుంది, ఎంత దుమ్ము పట్టేదాకా పనిచేస్తుంది, గాలికి ఎంత అడ్డు పడుతుంది అన్నవి మూడూ ఆ పరీక్షలో తేలుతాయి. గాలి ఎక్కువ వదులుతుంది అని మాత్రమే చెప్పి మిగతా రెండూ దాచారంటే అర్థం చేసుకోండి. సన్నటి ఇసుక రేణువులు పిస్టన్ రింగుల్ని అరగదీస్తాయి, అది ఒక్క రోజులో కనిపించదు. ఫిల్టర్ వేసిన రెండు మూడు వేల కిలోమీటర్లకి పైపు ఊడదీసి, ఫిల్టర్ దాటిన వైపు తెల్లబట్టతో తుడిచి చూడండి. బట్ట మాసిందంటే ఆ ఫిల్టరో, దాని అంచో దుమ్ముని వదిలేస్తోంది.

ఉతికిన ఫిల్టర్ని నీడలో ఆరనివ్వండి. కంప్రెసర్ గాలి కొడితే మడతలు చిరుగుతాయి.

వాన పడితే ఇంజన్‌లోకి నీళ్లు పోతాయా?

వాన చినుకులతో, రోడ్డు తుంపర్లతో పోవు. ఫిల్టర్ తడిసినా నీళ్లు కిందికి కారిపోతాయి. ప్రమాదం ఫిల్టర్ నీళ్లలో మునిగినప్పుడు. కింద, బంపర్ వెనక ఉన్న ఫిల్టర్‌కి మోకాలి లోతు కూడా అక్కర్లేదు. ఇంజన్ స్ట్రాతో తాగినట్టు నీళ్లు లాగేస్తుంది. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. 500 సీసీ సిలిండర్, 10:1 కంప్రెషన్ ఉన్న ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా సుమారు 55 మిల్లీలీటర్లు, చిన్న టీకప్పు కూడా నిండదు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైదాకా రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

నీళ్లు నిలిచే రోడ్ల మీద తిరిగేవాళ్లు పొడవు పైపు కిట్ మానేసి సీల్డ్ బాక్స్ తీసుకోండి. ఫిల్టర్ మీద తొడిగే తుంపర్ల తొడుగు చినుకుల్ని ఆపుతుంది గానీ మునక నుంచి కాపాడదు. ఎప్పుడైనా నీళ్లలో ఇంజన్ ఆగిపోతే, మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం మాత్రం చేయకండి. మెకానిక్ వచ్చి స్పార్క్ ప్లగ్గులు తీసి చూసేదాకా తాళం జేబులోనే ఉంచండి.

అల్యూమినియం పైపు వేడెక్కుతుంది కదా, ప్లాస్టిక్కే మంచిదా?

వేడెక్కే మాట నిజమే, కానీ లోపలి గాలికి వేడెక్కే తీరిక ఉండాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 70 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపులో రెండుంపావు లీటర్ల గాలి పడుతుంది. సెకనుకి 100 లీటర్లు పీల్చే ఇంజన్‌లో ఆ గాలి పైపులో ఉండేది సెకనులో నలభయ్యో వంతు. ఆ కాస్తలో వేడెక్కేదెంత? ఐడిల్‌లో, ట్రాఫిక్‌లో మాత్రం దాదాపు ఒక సెకను అక్కడే నానుతుంది. అప్పుడు ప్లాస్టిక్ కాస్త నయం. కార్బన్ ఫైబర్‌కి డబ్బు పెట్టేవాళ్లు చూపుల కోసం పెడుతున్నామని తెలిసి పెట్టడం మంచిది.

ముందు వైపు నోరు పెడితే వేగానికి గాలి దానంతటదే లోపలికి తోసుకొస్తుందట?

గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ తోపు వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు.

టర్బో కారుకి, డీజిల్‌కి?

టర్బో ఉన్న కారులో గాలి ఎలాగూ ఇంటర్‌కూలర్‌లో చల్లబడుతుంది, అందుకని చల్లగాలి ప్రభావం తక్కువ. కానీ టర్బోకి ముందు ఇరుకు ఉంటే అదే బూస్ట్ (టర్బో గాలిని నొక్కి పెంచే పీడనం) కోసం టర్బో ఇంకా గట్టిగా తిరగాలి. కాబట్టి బూస్ట్ పెంచే ట్యూనింగ్ చేయించాలనుకుంటే ఇన్‌టేక్ పనికొస్తుంది. ట్యూనింగ్ ఆలోచన లేకపోతే టర్బో ఈల తప్ప పెద్దగా ఏమీ దక్కదు. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది, దానికి స్టాక్ ఫిల్టర్ని వేళకి మార్చడమే మంచి ఖర్చు.

మోత కోసం వేయించుకోవడం తప్పా?

తప్పేముంది? నిజానికి ఎక్కువమంది వేయించుకునేది అందుకే, ఒప్పుకోరంతే. స్టాక్ పైపుకి పక్కన బుడిపెలా ఉండే ఖాళీ డబ్బాలు రెసొనేటర్లు. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర వచ్చే గర్జనని మింగేయడానికే వాటిని పెడతారు. కిట్‌లో అవి ఉండవు. మోత పెరిగితే పికప్ పెరిగినట్టే అనిపిస్తుంది, చెవి అలా మోసం చేస్తుంది. మోత చాలనుకుంటే షార్ట్ రామ్‌తో సరిపెట్టుకుని మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టండి. దూరప్రయాణాలు చేసేవాళ్లు మాత్రం ముందు అలాంటి కారులో ఓ గంట కూర్చుని చూడండి.

ఇంట్లోనే బిగించుకోవచ్చా?

స్పానర్ పట్టడం వస్తే ఒక పూట పని. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి మొదలుపెట్టండి. తీసిన ప్రతి చిన్న గొట్టం ఫొటో తీసుకోండి. నేను మొదటిసారి బిగించినప్పుడు క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టాన్ని (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి తెచ్చేది) కలపడం మర్చిపోయి, ఐడిల్ ఎందుకు పైకీ కిందకీ ఊగుతోందో తెలియక సగం రోజు తల పట్టుకున్నాను. కిట్ కొనేటప్పుడే ఆ గొట్టానికి నోరు ఉందా, ఉష్ణోగ్రత సెన్సర్‌కి రంధ్రం ఉందా అని చూడండి. అన్ని కార్లకీ సరిపోతుందని అమ్మే కిట్లలో ఇవే లోపిస్తాయి.

ఇంజన్ కుదుపుకి పైపు కదులుతుంది, అందుకని మధ్యలో మెత్తటి రబ్బరు జాయింట్ ఉండాలి, పైపుని బాడీకి పట్టే బ్రాకెట్ ఉండాలి. బానెట్ మూసి తెరిచి, ఎక్కడైనా గీతలు పడ్డాయేమో చూడండి. వంద కిలోమీటర్ల తర్వాత క్లాంపులన్నీ మరోసారి బిగించండి. పైపు నోట్లో దుమ్ము పడకుండా కుక్కిన గుడ్డని మాత్రం తీయడం మర్చిపోకండి!

బిగించాక చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. ఏం చేయాలి?

కోడ్ చదవండి. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది: మాఫ్ తర్వాత ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా పైపు వ్యాసం తేడా. పి0113 అంటే చాలాసార్లు ఉష్ణోగ్రత సెన్సర్ ప్లగ్ పెట్టడం మర్చిపోయారని. పి0101 అయితే మాఫ్ రీడింగ్ నమ్మేలా లేదని ఈసీయూ చెబుతోంది. కోడ్ చెరిపేసి ఊరుకోవద్దు. అన్నీ సరిగ్గానే బిగించినా ఫ్యూయల్ ట్రిమ్ 10 శాతం దాటి అక్కడే కూర్చుంటే, ట్యూనింగ్ చేయించండి, లేదంటే కిట్ వెనక్కి ఇచ్చేయండి.

వారంటీ, రూల్స్ సంగతి?

ఇవి దేశాన్నిబట్టి, కంపెనీనిబట్టి మారతాయి కాబట్టి వారంటీ పుస్తకం, ఇన్సూరెన్స్ కాగితం కొనేముందే చదవండి. కొన్ని కిట్ల మీద కార్బ్ ఈవో అంకె కనిపిస్తుంది. అది కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ విభాగం, ఫలానా మోడళ్లలో వాడుకోవచ్చని ఇచ్చిన అనుమతి. మీరుండే చోట దానికి చట్టపరంగా విలువ లేకపోయినా, ఆ కిట్ పొగ పరీక్షల దాకా వెళ్లొచ్చిందని చెబుతుంది.

తీసేసిన స్టాక్ డబ్బా అమ్మేయొచ్చా?

అమ్మొద్దు. సర్వీసుకి, పొగ పరీక్షకి, కారు అమ్మకానికి మళ్లీ కావాల్సి వస్తుంది. ఫిల్టర్ తీసేసి, డబ్బా తుడిచి, స్క్రూలన్నీ చిన్న కవర్లో వేసి దానికే టేపుతో అంటించి, ఎలుకలు చేరని చోట పెట్టండి.